ఒక్కటే ఫోను లైను

ఎనభై రెండు శాతం దగ్గర మళ్ళీ తెగిపోయింది.

రాజకుమారి కీబోర్డు మీద అరచేత్తో ఒక్కటిచ్చింది. ఇది నాలుగోసారి. పాడేరులోని ఆ ట్రస్టు ఆసుపత్రి మొత్తానికీ ఉన్నది ఒక్కటే లైను. పక్క గదిలో మేనేజరు పైడయ్య రిసీవరు ఎత్తితే చాలు, ఇక్కడ నెట్ పోతుంది.

"ఏటమ్మా, మళ్ళీ ఇంటర్నెట్టేనా? నాను అర్జెంటుగా ఫోను సెయ్యాల, లైనొగ్గండి!" ఆయన గదిలోంచే అరిచాడు.

"మందుల లిస్టు పంపుతున్నా సార్!"

"లిస్టు రేపంపొచ్చు!"

పంపుతున్నది మందుల లిస్టు కాదు. ఆ వానాకాలం జ్వరాలతో పోయిన పదకొండు మంది ఆసుపత్రి రికార్డులో 'నయమై వెళ్ళారు' అయిపోయారు. అందులో ఆమె ఊరి బుధు ఒకడు. అతణ్ణి పూడ్చినప్పుడు ఆమె అక్కడే ఉంది. చావులే లేవంటే ఆ కొండలెక్కి డాక్టర్లెందుకొస్తారు? రికార్డు ఏ కంప్యూటరు నుంచి మార్చారో సర్వర్‌లోని లాగ్ ఫైలులో ఉంటుంది. కానీ దాని నిండా అంకెలే.

'ఆ లాగ్ ఫైలు విశాఖలోని మా కంప్యూటరుకు పంపండి, చదివిస్తాం' అంటూ పేరులేని మెయిలొకటి ఆమెతో కలిపి ఆసుపత్రి కంప్యూటరు ఆపరేటర్లు నలుగురికీ వచ్చింది. పంపిందెవరో ఆనవాలు దొరక్కుండా మూడు దేశాల మీదుగా తిప్పి చేరవేసే నెట్‌వర్క్ సంగతీ అందులోనే ఉంది. అడిగిందెవరో వీళ్ళకు తెలియదు, పంపేదెవరో వాళ్ళకు తెలియదు. మిగతా ముగ్గురూ భయపడి ఊరుకున్నారు.

"ఒగ్గియ్యే, ఉద్యోగం ఊడిపోద్ది," పక్క సీటు రత్నాలు గొణిగింది.

"ఐదింటికి హెడ్డాఫీసు మనిషొచ్చి సర్వరంతా తుడిచేస్తాడు. ఇయాళ పోకపోతే ఇంకెప్పుడూ పోదు."

"పైడయ్య సారు కావాలనే తెంపుతున్నాడేమో?"

రాజకుమారి అనుమానమూ అదే. రికార్డు మార్చిన మనిషే అయితే అలాగే చేస్తాడు. పళ్ళు కొరుకుతూ మళ్ళీ మొదలుపెట్టింది. నలభై... డెబ్బై... తొంభై ఆరు.

టక్కున తెగింది.

గడియారం నాలుగూ ముప్పై చూపిస్తోంది. ఫైలు పోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఇక ఒక్కసారికే వ్యవధి ఉంది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం పోతే పోనీ, ఇవాళ ఈయన్ని ముఖం మీదే కడిగేయాలని విసురుగా వెళ్ళి తలుపు తోసింది.

పైడయ్య అటు తిరిగి, రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసగా అడుగుతున్నాడు.

"ఆ లాగ్ ఫైలు ఇప్పటికైనా మీకు అందినాదా, తల్లీ?"