నీలం కాని రక్తం

రైలు వెళ్లిపోయాక ఆమదాలవలస స్టేషన్ పక్కనున్న చిన్న ల్యాబ్ నిశ్శబ్దమైంది. భాగ్యవతి కొడుక్కి చీముగడ్డలు మానడం లేదు. ఒంట్లో క్రిముల్ని చంపే సూపరాక్సైడ్ తయారీని నడిపించే జన్యువు చెడిందేమోనని పరీక్ష. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల తెల్లకణాలు పసుపు మందును నీలంగా మారుస్తాయి. పోల్చి చూడ్డానికి బయటివాళ్లెవరూ లేక టెక్నీషియన్ చరిత తన రక్తమే తీసింది.

"మాది మేనరికవమ్మా," అంది భాగ్యవతి.

"మాదీ అంతే," అని నిండు కడుపు నిమురుకుంటూ చరిత నవ్వింది.

బాబు రక్తం కలిపిన గొట్టం పసుపుగానే ఉండిపోయింది. పక్కనే ఉన్న చరిత గొట్టమూ మారలేదు. మందు పాడైందేమోనని అదే మందును భాగ్యవతి రక్తంతో కలిపి చూసింది. అది చిక్కటి నీలమైంది.

చరిత చెయ్యి మెడ మీది మానని గడ్డను తడిమింది. కడుపులో బిడ్డ కదిలింది.

"ఆ పసుపుపచ్చవి రెండూ మా బుల్లోడివేనేటమ్మా?" అంది భాగ్యవతి.