ఇల్లా, ఇల్లాలా?

"మీరు తొండి చేస్తున్నారు, టాట్రీ గారూ!"

కాలేజీలో కంటిచూపు మీద పరిశోధన చేసే కొరీన్ చీకటి గదిలోకి వచ్చి లైటు వేసింది. డెబ్భై ఎనిమిదేళ్ల లార్న్ టాట్రీ అద్దాల పెట్టె మీది నుంచి గడ్డం ఎత్తలేదు. ఎవరో లాక్కుపోతారన్నట్టు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

ఆ పెట్టెలో ఒక కంటికి ఇల్లు చూపిస్తారు, రెండో కంటికి ఓ అమ్మాయి ముఖం. రెండూ ఒకేసారి చూడడం మెదడుకు చేతకాదు. అందుకని కాసేపు ఇల్లు, కాసేపు ముఖం వంతులేసుకుని కనిపిస్తాయి. ఇంటికొక మీట, ముఖానికొక మీట. కనిపించినదాన్ని నొక్కాలి, అంతే పని. ఏ బొమ్మ ఏ కంటికో వచ్చినవాళ్లకు చెప్పరు. వారం వారం అటుది ఇటు మారుస్తారు.

"పది నిమిషాల్లో ఒక్కసారైనా ఇల్లు నొక్కలేదు. పోయిన వారమూ ఇంతే!"

"కనిపించిందే నొక్కాను, అమ్మాయ్."

"కొన్ని సెకన్లకోసారైనా మారాలండీ. మారలేదంటే మీట మీద వేలు పెట్టి కునుకు తీసినట్టే. మీ పేరు కొట్టేస్తున్నా. ఇక రావొద్దు."

ముసలాయన ముఖం వాడిపోయింది. "అంత మాట అనకు తల్లీ. ఆ అమ్మాయి ఆర్డిత్. నా భార్య."

కొరీన్ పెట్టె వైపు తిరిగి చూసింది. అందులోని ఫోటోలు యాభై ఏళ్ల నాటివి.

"ఇక్కడ చదువుకునేటప్పుడు మీవాళ్లే తీశారు. 'నా ముఖం ఇంకా ఆ పెట్టెలోనే ఉంటుంది' అని నవ్వేది. ఆమె పోయి ఆరేళ్లు. ఆ తర్వాత ఇల్లు కాలిపోయింది, ఒక్క ఫోటో మిగల్లేదు. ముఖం మరిచిపోతానేమోనని భయమేసి వచ్చాను."

"అయ్యో... కానీ రెండు కళ్లున్న మనిషికి ఇలా ఎలా అవుతుంది?"

ఆయన దొంగనవ్వు నవ్వి, ఎడమ కంటిని గోటితో తట్టాడు. టిక్కుమంది.

"గాజుది. చేపల పడవ మీద కొక్కెం తగిలి పోయింది. చెబితే రానివ్వరని దాచాను. అక్షరాలు చదవమన్నప్పుడు కుడి కన్ను మూసుకోమన్నావు కదా, వేళ్ల సందుల్లోంచి చూశాను."

కొరీన్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అదా సంగతి! ఉన్నది ఒక్క కన్నయితే కనిపించేదీ ఒక్క బొమ్మే. ఇక పోటీ ఎక్కడిది? నన్ను క్షమించండి. మిమ్మల్ని లెక్కలో వేసుకోలేను గానీ, ఎప్పుడైనా వచ్చి ఆవిడను చూసుకోండి."

"బతికించావు." ఆయన టోపీ పెట్టుకుని తలుపు దగ్గర ఆగాడు. "పోయిన వారం కంటే ఇవాళ బాగా దగ్గరికొచ్చింది, అమ్మాయ్."

ఆయన వెళ్లాక కొరీన్ నోటుపుస్తకం తెరిచింది. 'ఒంటి కన్ను, అందుకే మార్పు లేదు' అని రాస్తూ పై వరుసలు చూసింది. పోయిన వారం: ముఖం కుడి కంటికి. సరిపోయింది. ఈ వారం: ముఖం ఎడమ కంటికి. ఆ గాజు కంటికి.

పెన్ను ఆగిపోయింది. పొద్దున తొందరలో తప్పు రాసి ఉంటాను, అంతే, అనుకుంది. తనే వెళ్లి పెట్టె మీద గడ్డం ఆనించి, ఎడమ కన్ను గట్టిగా మూసుకుంది.

ఇల్లు. ఇల్లొక్కటే.