పడమటి గుండు

"తప్పు నాదేనయ్యా. ఆ డ్రాగన్ నోరు నేనే సరిగ్గా పోత పోయలేదు. కొరడాతో కొట్టించండి, పడతాను."

కంచుపని చేసే ముసలి కు షెన్ అలా కాళ్ల మీద పడేసరికి ఫాన్ లియాంగ్‌కి ఒళ్లు మండిపోయింది. లోయాంగ్ నగరంలో, నక్షత్రశాల వెనక గదిలో ఉన్న పెద్ద కంచు కూజాకి అతను కాపలా అధికారి. కూజా చుట్టూ ఎనిమిది దిక్కులకీ ఎనిమిది డ్రాగన్ తలలు, ఒక్కో నోట్లో ఒక్కో కంచు గుండు, కింద నోరు తెరుచుకున్న కప్పలు. ఎంత దూరాన భూమి కంపించినా ఆ దిక్కు గుండు కప్ప నోట్లో పడాలి. మొన్న పడమటి గుండు ఠంగుమని పడింది. లోయాంగ్‌లో మాత్రం గిన్నెలో నీళ్లు కూడా తొణకలేదు.

ఫాన్ లియాంగ్ ఊరుకున్నాడా? పరుగున వెళ్లి నిండు కొలువులో "పడమట భూకంపం వచ్చింది" అని చెప్పేశాడు. ఇక చూడాలి నవ్వులు!

"మీ డ్రాగన్‌కి పాలపన్ను ఊడిందటగా!" అన్నాడొక మంత్రి.

"కప్ప ఆకలేసి అడిగి పుచ్చుకుందేమో లెండి" అన్నాడు ఇంకొకాయన.

అమావాస్యలోగా పడమటి నుంచి కబురు రాకపోతే కూజాని కరిగించి గంటలు పోయించమనీ, ఫాన్ లియాంగ్‌ని కొలువులోంచి గెంటేయమనీ ఆజ్ఞ అయింది. పీకల మీదికి వచ్చిన ఇలాంటి వేళ, చేసినవాడే వచ్చి యంత్రం పాడైందంటున్నాడు!

"కన్నబిడ్డలాంటిది కదయ్యా నీకిది! నీ నోటితో నువ్వే పనికిరాదంటావా? ఎవరిచ్చారు నీకు లంచం?"

కు షెన్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. "ఎవరూ ఇవ్వలేదయ్యా. ఎలకేదో తోసుంటుంది. బండి వెళ్తే అదిరుంటుంది. ఒక్కసారి నన్ను చూడనివ్వండి."

సరే, చూడనిచ్చాడు. ముసలివాడు గుండుని మళ్లీ డ్రాగన్ నోట్లో పెట్టి కాలితో నేలని తన్నాడు. గోడని గుద్దాడు. బయట ఎద్దుబండి తోలించాడు. ఆఖరికి కూజాని కౌగిలించుకుని ఊపబోయాడు. గుండు కదిలితే ఒట్టు.

"చూశావా, అదీ నీ పనితనం!" ఫాన్ లియాంగ్ మురిసిపోయాడు. "కబురు వచ్చి తీరుతుంది."

"అపశకునం మాటలు వద్దయ్యా."

"నీకు అపశకునం! నాకు బతుకయ్యా అది!"

ఆనాటి నుంచి ముసలివాడు కూజా పక్కనే చతికిలపడ్డాడు. కొర్రజావ ఇస్తే ముట్టడు, పొమ్మంటే పోడు. ఇంత పిరికివాడేమిటని ఫాన్ లియాంగ్‌కి అసహ్యం వేసింది. వయసు మళ్లినవాడు, దెబ్బలకి భయపడుతున్నాడు కాబోలని జాలీ వేసింది. తను మాత్రం రోజూ పడమటి కోటవాకిలి దగ్గర నిలబడి, భూమి కంపించే ఉండాలని పితృదేవతలందరికీ మొక్కుకున్నాడు.

మొక్కు ఫలించింది. నిలువెల్లా దుమ్ము కొట్టుకుపోయిన వార్తాహరుడొకడు గుర్రం మీంచి జారిపడినట్టు దిగాడు.

"లోంగ్‌షీ సీమలో కొండలు విరిగిపడ్డాయి దొరా. దీదావ్ పట్నంలో ఒక్క గోడ నిలబడలేదు."

ఫాన్ లియాంగ్ ఎగిరి గంతేశాడు. ఒక్క పరుగున వచ్చి ముసలివాణ్ణి వాటేసుకున్నాడు.

"గెలిచాం కు షెన్! దీదావ్ నేలమట్టమైందట! నీ చెయ్యి తప్పలేదయ్యా!"

కు షెన్ కూజాకేసి తల బాదుకుంటూ ఏడ్చాడు.

"ఓరి నీ ఆనందం బంగారం కానూ! తల పగులుతుంది, ఆగు. చక్రవర్తి బహుమానం ఇస్తారు. ఏం కావాలో కోరుకో."

"ఒక గుర్రం ఇప్పించండయ్యా. దీదావ్ వెళ్లాలి."

"పిచ్చివాడా, అక్కడింకా ఏం మిగిలిందని?"

"మా అమ్మాయిని ఇచ్చింది ఆ ఊరికేనయ్యా."