దొంగ గొంతు

"మీ మీద అరెస్టు వారెంటు ఉంది! గదిలోంచి కదిలారంటే జైలే!"

బిందు గొంతు బొంగురు చేసుకుని ఫోనులో గద్దించింది.

ఎదురు బెంచీలో భాగ్యవతమ్మ తన ఫోను చెవికి ఆనించుకునే పకపకా నవ్వేసింది.

"ఏటే బిందూ, పోలీసోడి గొంతులాగున్నాదేటి అది? జలుబు సేసిన పిల్లలాగున్నావు!"

గరివిడి వర్తక సంఘం హాలు హాలంతా గొల్లుమంది. బిందు తల పట్టుకుంది.

ఆమెది మెయిన్ రోడ్డులో సెల్‌ఫోన్ల కొట్టు. "ఇది నొక్కొచ్చా అమ్మా?" అని అడగడానికి రోజూ పెద్దవాళ్లు వచ్చేవారు. అడక్కుండా నొక్కేసినవాళ్లు ఏడుస్తూ వచ్చేవారు. ఆ ఏడుపు చూడలేకే ఈ మూడు రోజుల క్లాసు పెట్టింది. పాఠాలన్నీ తనే కూర్చుకుంది.

మొదటి పాఠం ఒక పేపరు వార్త. దొంగ పోలీసులు వీడియో కాల్‌లో ఒక పెద్దాయన్ని 'అరెస్టు' చేసి, రెండు రోజులు గదిలో కూర్చోబెట్టి, బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోయారు. పేపర్లో పేరు లేదు. బిందు ఆయనకి అమాయకరావు అని పేరు పెట్టి, బోర్డు మీద బొమ్మ కూడా గీసింది.

"మంచినీళ్లు తాగడానికి కూడా దొంగనే పర్మిషన్ అడిగాడండీ మన అమాయకరావు!" అని చేతులు కట్టుకుని నటించి చూపిస్తే అందరూ పడీ పడీ నవ్వారు.

రెండో పాఠం అందరిచేతా గట్టిగా పలికించింది. "తెలియని నంబరు ఎత్తం!"

పలికినంత మాత్రాన ఎత్తకుండా ఉంటారా? అందుకే రెండో రోజు ఈ పరీక్ష. దొంగలా ఫోను చేసి చూడాలి. తన గొంతు విని నవ్వేవాళ్లు, అసలు దొంగ చేస్తే ఏమైపోతారో!

"నేను చెయ్యనా అమ్మా?"

వెనక బెంచీలోంచి త్యాగరాజు గారు లేచారు. ఆయనది ఈ ఊరు కాదు. క్లాసు సంగతి ఎలా తెలిసిందో, పొద్దున రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో వెళ్తున్నారు. ఎవరితోనూ మాట్లాడరు. అందరూ నవ్వితే నవ్వుతారు, అంతే.

అందరి నంబర్లూ ఫోనులో ఎక్కించుకుని వరండాలోకి వెళ్లారు.

భాగ్యవతమ్మ ఫోను మోగింది. బిందు స్పీకరు పెట్టించింది.

"నమస్కారమండి. భాగ్యవతి గారేనా? మీ పేరు మీద ఒక కేసు వచ్చింది. కంగారుపడకండి. మీలాంటివారు తప్పు చెయ్యరని నాకు తెలుసు. అందుకే నేనే స్వయంగా చేశాను. బీపీ మందు వేసుకున్నారా? ముందు వేసుకోండి, నేను లైన్లోనే ఉంటాను."

భాగ్యవతమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"ఏసుకున్నాను బాబూ."

"మంచిది. ఇంట్లోవాళ్లకి ఇప్పుడే చెప్పకండి. పాపం, హడలిపోతారు. బ్యాంకు పాసుపుస్తకం దగ్గరుందా?"

"ఉన్నాది బాబూ" అంటూ ఆవిడ సంచీ వెతుక్కుంటోంది. బిందు పరుగున వెళ్లి ఫోను లాక్కుంది.

హాలు ఒక్క క్షణం బిక్కచచ్చిపోయింది. ఆ తర్వాత ఒకటే గోల.

"నాకు సెయ్యమనండి!"

"ముందు నాకు!"

ఇక చూసుకోండి, సాయంత్రం దాకా ఫోన్ల మోతే. ఎవరైనా బుట్టలో పడితే పక్కవాళ్లు వీపు చరిచేవారు. పడకపోతే ఈలలు. భాగ్యవతమ్మ రెండోసారి నడుం బిగించి కూర్చుంది.

"బీపీ మందు వేసుకున్నారా?"

"నువ్వేసుకో నాయనా! మా బిందు సేతిలో పడితే నీకే పెరుగుతాది బీపీ!"

చప్పట్లకు హాలు దద్దరిల్లింది. బిందుకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. దొంగ అరవడు, ఆదరిస్తాడు. ఆ ముక్కే తన పాఠాల్లో లేదు. అప్పటికప్పుడు కూర్చుని అన్నీ తిరగరాసింది.

మర్నాడు బెల్లం కొట్టు ధనరాజు ఆమె చెవిలో ఊదాడు.

"ఆయనెవలమ్మా? ఆ మాటలంత బాగా ఎలాగొచ్చేయి? ఆ ముఠాలో సేసినోడే అయ్యుంటాడు. మన నంబర్లన్నీ అతగాడి కాడే ఉన్నాయి, సూసుకో!"

బిందు తన పాఠాల కాగితాలు తీసి చూసుకుంది. తియ్యగా మాట్లాడేవాణ్ణి నమ్మొద్దని నిన్ననే కదా తను రాసుకుంది!

త్యాగరాజు గారిని గుమ్మంలోనే ఆపేసింది.

"ఆ మాటలు మీకెలా వచ్చాయండీ?"

"సంగీతం మాస్టార్నమ్మా. ఒకసారి విన్నది నా చెవి మరిచిపోదు."

"ఎక్కడ విన్నారు?"

ఆయన బోర్డు మీది బొమ్మకేసి చూశారు. చిన్నగా నవ్వారు.

"మా నంబర్లన్నీ తీసేసి వెళ్లండి."

ఒక్కొక్కటే తీసేశారు. బిందుది కూడా. ఫోను ఆమె చేతికిచ్చి చూసుకోమన్నారు.

"క్లాసు మాత్రం ఆపకమ్మా" అని స్టేషను దారి పట్టారు.

వారం తిరక్కుండా భాగ్యవతమ్మ చెప్పులైనా లేకుండా కొట్టుకు పరుగెత్తుకొచ్చింది.

"బిందూ! దొంగోడు సేసేడే! ఎత్తొద్దన్నావు గానీ ఎత్తేసేను. నమస్కారమండి అన్నాడు, బీపీ మందన్నాడు, మాటకి మాట అదే! నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేసేను!"

బజారంతా పండగ చేసుకుంది.

"నే సెప్పలేదా, ఆయనే!" అన్నాడు ధనరాజు.

బిందు ఉత్సాహంగా పోలీసులకు ఫోన్ చేసి, త్యాగరాజు పేరు కూడా చెప్పేసింది.

ఆ పేరు వినగానే అవతల ఇన్‌స్పెక్టర్ అడ్డుపడ్డాడు.

"ఆయన దొంగ కాదమ్మా. నౌపడలో సంగీతం మాస్టారు. ఇవే మాటలతో ఆయన్ని రెండు రోజులు గదిలో కూర్చోబెట్టారు. పేపర్లో పేరు మాత్రం వెయ్యనివ్వొద్దని మమ్మల్ని బతిమాలుకున్నారు."

బిందు గబగబా భాగ్యవతమ్మ ఫోనులో పాత కాల్స్ వెతికి ఆయన నంబరు పట్టుకుంది. తన ఫోనులోంచి నొక్కింది. మళ్లీ నొక్కింది.

ఫోను మోగీ మోగీ ఆగిపోయింది. తెలియని నంబరు ఎత్తొద్దని బిందు నేర్పిన పాఠం అమాయకరావు గారు మరిచిపోలేదు.