గూడేనికి పోయిన మూటలు

“ఇది పంపద్దు మేడం,” అన్నది నిస్సి.

ఆమె చేతిల ఒక లంగా ఉంది. నాడా లేదు. నడిమిట్ల చెయ్యి దూరేటంత చిరుగు. భాగ్య మేడం కండ్లద్దాలు పైకి జరుపుకొని చూసింది.

“ఎందుకు పంపద్దు? గూడెంల ఫ్యాషన్ షో ఏమన్న పెడుతున్రా?”

మెదక్ రాందాస్ చౌరస్తా దగ్గరి మహిళా సమితి ఆఫీసులో అందరూ నవ్విన్రు. అధ్యక్షురాలు జోక్ చేస్తే నవ్వాలె గద. నిస్సి నవ్వలే. ఆమె సమితి మెంబరు కాదు, మూటలు కట్టేతందుకు పిలిచిన టైలర్. ఏడు నెలల బిడ్డను పక్కన చాప మీద పండబెట్టుకొని పొద్దటి నుంచి బట్టలు ఏరుతున్నది.

ఆ బట్టలు ఆదిలాబాద్ గుట్టల మీద ఉన్న ఒక కొలాం గూడేనికి. అక్కడ ఆశా వర్కర్‌గ పని చేసే మారుబాయి ఫోన్ల ఒక్కటే అడిగింది. గూడెంల పదకొండు మంది పసిపిల్లలున్నరు, చలికి తట్టుకుంటలేరు, ఇద్దరికి నిమోనియా పట్టి దవాఖానకు పోయొచ్చిన్రు, వాళ్ళకు వెచ్చటివి పంపుండ్రి అని.

నిస్సి ఎంత ఏరినా వెచ్చటిది ఒక్కటి దొరకలే. హుక్కులు లేని జాకెట్లు. మెరుపులు రాలిపోతున్న నెట్ ఫ్రాకు. ఎవరో మగాయన పెండ్లినాటి సఫారీ సూటు, చంకల కాడ చెమటకు పచ్చగ. జత లేని సాక్సులైతే ఒక సంచెడు.

“గిన్ని ఇండ్లల్లకెళ్ళి గివ్వేనా మేడం వచ్చింది? మంచియి ఏమైనయి?”

“మంచియి స్టీల్ గిన్నెలామెకు ఏసినం గద,” అన్నది సమితి సెక్రటరీ దేవిక, ఏం దాచుకోకుండ. “పాత చీరెలకు నాకు రెండు టిఫిన్ గిన్నెలు, ఒక జాలి గంటె ఇచ్చింది. ఆమె గూడ వద్దన్నయి ఇటు తెచ్చిన.”

నిస్సి లంగాను పక్కకు పెట్టింది.

“మీరు పదిహేనుమంది ఉన్నరు మేడం. తలా ఒక్క చిన్న స్వెట్టర్ కొత్తది తెస్తే అయిపాయె. నేను గూడ ఒకటి తెస్త.”

“కొత్తయా?” భాగ్య మేడం గొంతు లేచింది. “అడవిలోళ్ళకు కొత్తయా? వాళ్ళకు చలి అలవాటే నిస్సీ. మన లెక్క సున్నితం ఒళ్ళు కాదు వాళ్ళది. గివి చూసే పండుగ చేసుకుంటరు, చూడు.”

“నెల గూడ నిండని పిల్లకు ఏం అలవాటుంటది మేడం?”

“నిన్ను మూటలు కట్టమన్న, ముచ్చట్లు చెప్పమనలే. నీ బిడ్డకు ఉన్నది గద మంకీ టోపీ! ఇంకేంది నీ బాధ?”

నిస్సికి బడి యూనిఫాంలు కుట్టే పని ఇచ్చేది గూడ ఈ సమితే. ఆమె మూటల మూతులు గట్టిగ బిగించింది. ఆఖరి మూట కాడ ఆగి, బిడ్డ తల మీది టోపీ తీసి అందుల పెట్టబోయింది. బిడ్డ తుమ్మింది. నిస్సి గబుక్కున మళ్ళ తొడిగింది. తన మీద తనకే అసహ్యమేసింది.

మూటలు ఎక్కించుకుంటున్న డీసీఎం వ్యాను డ్రైవర్ ఎల్లేష్ ఒకటి విప్పి చూసిండు. “అక్కా, గివి దానమిచ్చినయా, షెడ్డుల గ్రీజు తుడిచినయా?”

“నువ్వు బండి నడుపు తమ్మీ, చాలు,” అన్నది భాగ్య మేడం. పక్కకు జరిగి, బండి ముందట ఫోటో దిగింది.

పదిహేను దినాలకు ఫంక్షన్ హాల్ల సన్మానం పెట్టిన్రు. సన్మానం భాగ్య మేడంకే. శాలువా కప్పుతుంటేనే ఫోన్ మోగింది. పేరు చూసి ఆమె ముఖం వెలిగింది. ఫోన్ స్పీకర్ల పెట్టి మైకు దగ్గర పట్టింది.

“చెప్పు మారుబాయీ! బట్టలు ముట్టినయా? గట్టిగ చెప్పు, అందరు వింటున్నరు.”

“ముట్టినయమ్మా. మూటలు ఇప్పి చూసి గూడెం గూడెమంత ఏడ్చింది.”

చప్పట్లు మోగినయి. “విన్నరా? సంతోషం పట్టలేక ఏడ్చిన్రట!”

“సంతోషం కాదమ్మా,” అన్నది మారుబాయి. “మా దగ్గర ఎవరికన్న ఇస్తే, ఇంట్ల ఉన్నదాంట్ల మంచిది ఏరి ఇస్తం. మీరు గూడ గట్లనే ఏరి ఉంటరు. మంచియే గిట్లుంటే ఇగ మీ ఒంటి మీద ఏమున్నట్టు? మెదక్‌ల వానలకు నష్టమైందని టీవీల చూసినం గని, మీరు గింత కష్టంల ఉన్నరని తెల్వదమ్మా. తెలిస్తే అడగకపోదుము.”

చప్పట్లు ఆగిపోయినయి. భాగ్య మేడం స్పీకర్ బంద్ చేద్దామని స్క్రీన్ మీద ఎక్కడెక్కడనో ఒత్తుతున్నది. తలుపు కాడ నిలబడ్డ నిస్సి ఆగలేకపోయింది. బిడ్డను ఎత్తుకొని ముందుకు ఉరికొచ్చింది.

“మారుబాయక్కా, పిల్లలెట్లున్నరు? ఆ నిమోనియా పట్టిన ఇద్దరు?”

“మంచిగున్నరు చెల్లె. మా దుప్పట్లు చింపి చుట్టినం. పొయ్యి పక్కన పండబెడుతున్నం, ఎట్లనో గడుస్తది. మీకైతే అన్ని గ్యాస్ పొయ్యిలేనాయె, పక్కన పిల్లలను పండబెట్టరాదు. అందుకే మీ బట్టలన్ని ఉతికి, పొరలు పొరలుగ ఏసి బొంతలు కుట్టినం. బస్సుల పార్సిల్ ఏసినం, రేపు ముడుతయి. మీ పసిపిల్లలకు కప్పుండ్రి.”