చంకలో సీసా

"చెయ్యి లేపు! చంకల ఏం దాస్తున్నవ్ రా?"

కానిస్టేబుల్ గద్దింపుకు ల్యాబ్‌లో బల్ల మీద అత్త సాయవ్వ పక్కన కూర్చున్న సరోజన ఉలిక్కిపడి లేచింది. గుమ్మంలో ఆమె భర్త కనకయ్య కుడిచేతిని ఒంటికి అదిమిపట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డాడు. ల్యాబ్‌లో చాటు లేదని, ఖాళీ సీసా తీసుకుని రెండు వీధుల అవతలి దోస్తు పోశం ఇంటికి వెళ్లి వస్తున్నాడు. జగిత్యాలలో ఎవరి ఒంటి మీద ఏ ఆయుధం ఉందోనని పోలీసులు, పోలీసులతో ఎవరు మాట్లాడారోనని నక్సలైటు అన్నలు ఆరా తీస్తున్న రోజులవి.

"తుపాకి కాదన్నా, సీసా. సల్లబడొద్దని చంకల పెట్టుకొని తెమ్మన్నడు సారు."

"నేనే చెప్పిన," అంటూ పురుషోత్తం రావు లోపలి నుంచి వచ్చాడు. జంతుశాస్త్రం బోధించి రిటైరై, ఈ ల్యాబ్ పెట్టుకున్న మనిషి. "అది వీర్యం. అనుమానముంటే మీరే మూత తీసి చూడుండ్రి."

కానిస్టేబుల్ రెండడుగులు వెనక్కి వేశాడు. మూడో అడుగుకు వీధిలో ఉన్నాడు.

సరోజనకు నవ్వు రాలేదు. ఫలితం ఆమెకు ముందే తెలుసు. లోపం ఆమెలోనే ఉందని, ఇక కడుపు పండదని ఆరు నెలల కిందట కరీంనగర్ డాక్టరమ్మ భార్యాభర్తలిద్దరికీ చెప్పింది. "అమ్మకు చెప్పకు" అన్నది కనకయ్యే. అటువంటివాడు, తల్లి చందుర్తిలో తనకు రెండో పెళ్లికి పిల్లను చూసొచ్చిందని వినగానే, "ముందుగాల నాకు పరీక్ష చేయించు. నేను మంచిగుంటే నీ ఇష్టం" అన్నాడు. లోపం తనది కాదని తెలిసీ అన్నాడు. పది రోజులుగా ఆ మాట ఆమెను నిద్రపోనివ్వడం లేదు.

రావు మైక్రోస్కోపు మీదికి వంగాడు. అత్త సాయవ్వ ఆగలేకపోయింది.

"ఏమన్న మెసులుతున్నయా దొరా?"

"దొర అనకవ్వా. ఈ దినాల్ల ఆ మాట నా పానానికి మంచిది కాదు."

"సరే సారూ. నా కొడుకు వడ్ల బస్తా ఒక్కడే లేపుతడు. వానికేం లోపముంటది?"

రావు మరో చుక్క వేసి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని ఇంకో చుక్క వేశాడు.

"ఒక్క కణం గూడ లేదవ్వా."

సరోజన భర్త వైపు చూసింది. అతడు నేల చూపులు చూస్తున్నాడు.

"బస్తా లేపుడు వేరు, ఇది వేరు," అన్నాడు రావు మెల్లగా. "వృషణాలు ఎదిగేటప్పుడు, కణాలు తయారయ్యేటప్పుడు, కాల్షియంను పట్టి ఉంచి అక్కరకొద్ది అందించే ప్రొటీన్లు ఉంటయి. వాటి పని తప్పితే కణం సరిగ తయారు కాదు, తయారైనా ఈదదు."

"గా కాల్షం ఏడ దొరుకుతది?"

"సున్నంల ఉంటది."

"గింతేనా! రేపటి సంది పాన్ల దండిగ పెడ్త."

"నోరు పొక్కుతది గని మనుమడు రాడు." అంతలోనే రావుకు పాఠాలు చెప్పిన రోజుల జాగ్రత్త గుర్తొచ్చింది. "అదే కారణమని గూడ నేననను. కణం పుట్టకున్నా ఇట్లనే కనిపిస్తది, పుట్టి దారి మూసుకపోయినా ఇట్లనే. ఒక్క పరీక్షతోని తేల్చుడు శాస్త్రం కాదు. రెండు నెలలైనంక మళ్ల తేవాలె."

"ఎన్నిసార్లన్న తెస్త సార్," అన్నాడు కనకయ్య.

ఇంటికి వెళ్లే మేడిపల్లి బస్సులో సాయవ్వ కోడలి చేయి పట్టుకుంది.

"చందుర్తోళ్లకు వద్దని కబురు పంపుత. లోపం మనింట్ల పెట్టుకొని గా పిల్ల గొంతెందుకు కోసుడు? ఇన్నేండ్లు నిన్ను ఊకె సతాయించిన బిడ్డా. నువ్వు మాత్రం వాన్ని ఇడిచిపెట్టి పోకు."

"ఏడికి పోత అత్తా," అన్నది సరోజన.

గుండె మీది బరువు దిగింది. దాని వెంటే భర్త మీద జాలి పొంగుకొచ్చింది. బస్సు దిగి సాయవ్వ ముందు నడుస్తుంటే, ఆమె కనకయ్య పక్కకు చేరింది.

"నాకొక్కదానికే అనుకున్న. నీకు గూడనా?" కళ్లొత్తుకుంది. "రంది పెట్టుకోకు. ఒకలకొకలం ఉన్నం గద."

తల్లికి వినబడదని రూఢి చేసుకుని, కనకయ్య ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"సీసల ఉన్నది పోశంది, వానికి పిల్లలు పుట్టకుంట ఆపరేషనై మూడేండ్లాయె."