తిప్పని పేజీ

"ఆ పత్రిక ఇటిస్తావా బాబాయ్?" రూతా మళ్లీ అడిగింది.

బల్లమీద కూర్చున్న మనిషి తలెత్తాడు. పత్రిక మోకాళ్లమీద తెరిచి ఉంది. ఒంటినుంచి పడవ డీజిలు వాసన.

"ఇంకాసేపు తల్లీ. సాయంత్రం పడవకి వెళ్లిపోతాను."

"సాయంత్రమైతే నా పని గోవిందా."

దీవి మొత్తానికి ఆ లైబ్రరీ ఒక్కటే. ఆ పాత పత్రికా ఒక్కటే. అందులో ఒక వ్యాసం చదివి, తనకేమనిపించిందో రాసి, బడి ఆఫీసు మూసేలోగా ఇవ్వాలి. ఇవ్వకపోతే పేరు కొట్టేస్తానని పంతులమ్మ చెప్పేసింది.

బాబు కడుపులో పడ్డప్పుడు ఆగిన చదువు. మళ్లీ చేర్చుకోమని ఎంత బతిమాలుకుందో రూతాకే తెలుసు. మొగుడు పరాయిదేశపు ఓడమీద ఉన్నాడు. ఇంట్లో పలకరించే మనిషి లేడు. పుస్తకం తెరిచినప్పుడే ఎవరో తోడున్నట్టుంటుంది.

చంకలో బాబు ఒళ్లు వెచ్చగా తగిలింది. 

"ఇందాకట్నుంచీ చూస్తున్నా. ఒక్క పేజీ తిప్పలేదు నువ్వు."

"అవును."

"చదవడం రాదా?"

"రాదమ్మా."

"మరెందుకు పట్టుకు కూర్చున్నట్టు? ఫ్యాను గాలి కావాలంటే ఉత్తచేతుల్తోనూ కూర్చోవచ్చు. ఎవరొద్దన్నారు."

అతను ఏదో చెప్పబోయాడు. బాబు మొహం చూసి ఆగాడు.

"జ్వరమా?"

"మా తంటాలు మేం పడతాంలే. నువ్వు ఆ పత్రికివ్వు."

అతను పత్రికని మెల్లగా మూసి, అట్ట తుడిచి, ఆమె చేతికిచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని ఎండలోకి వెళ్లిపోయాడు.

రూతా గబగబా వ్యాసం వెతికి చదివింది.

దక్షిణాన ఒక దీవిలో బడిపిల్లల పడవ బోల్తా పడింది. ఒక జాలరి ఒక్కడే అలల్లోకి దూకాడు. చేతికి ఏ బిడ్డ అందితే ఆ బిడ్డని ఒడ్డుకి చేర్చాడు. అందరూ దక్కారు, అతని సొంత కూతురు తప్ప. తరవాత అతను ఊరొదిలి ఎటో వెళ్లిపోయాడట. పక్కనే, అంతకుముందు ఎప్పుడో తీసిన ఆ బడిపిల్లల ఫొటో.

రూతా కళ్లు తుడుచుకుంటూనే రాసింది.

లైబ్రరీ చూసుకునే తెవియా భోజనం చేసి వచ్చేసరికి కాగితం నిండింది.

"వినక్కా, చివర్న ఏం రాశానో." రూతా చదివింది. "'ఆ మనిషి నాకెప్పుడైనా ఎదురుపడితే, మానేబాలో, ఊరంతా కూడే ఆ పెద్ద చావడిలో, మా ఇంటివాళ్లు కూర్చునే చోట చాప పరిచి కూర్చోబెడతాను. నా బిడ్డని ఆయన ఒళ్లో పెడతాను.'"

"బాగుందే పిల్లా. గుండెలోంచి రాశావు." తెవియా బల్లవైపు చూసింది. "ఇక్కడుండాలే ఒకాయన, ఏడీ?"

"నేనే లేపాను. అక్షరం ముక్క రాదుగానీ పత్రిక వదిలితేగా."

తెవియా దగ్గరికొచ్చి పత్రిక తనవైపు తిప్పుకుంది. ఆ ఫొటోలో ఒక అంచున వేలు పెట్టింది.

"పడవ ఇటొచ్చినప్పుడల్లా ఇది చూసుకుని పోతాడు, ఇంట్లో ఇంకో ఫొటో లేదు, ఇదిగో, ఈ చివర నిలబడ్డదే ఆ దక్కని పిల్ల, అతని కూతురు."